ఆస్ట్రేలియా ద్రాక్షాసవములు - రుచి నెఱుగు విద్య

నేయి కాగినదో లేదో గృహిణి కంటితో జూచుటకు ముందే ముక్కుతో నెఱుగును. చింతపండు క్రొత్తదో పాతదో, పప్పు అడుగంటుచున్నదో, ఊరగాయ జాడీలో బూజు పుట్టుచున్నదో వాసనయే యామెకు దెలుపును. ఈ తెలివికి మన దేశమున పట్టములు లేవు. దీనిని విద్య యని చెప్పువారును అరుదు. కాని వాసనను, రుచిని విడదీసి, పేరుపెట్టి, జ్ఞప్తియం దుంచుకొని, ఒకదానితో నొకటి పోల్చి తీర్పు చెప్పు నీ తెలివియే ఆస్ట్రేలియా ఖండమున నొక గొప్ప పరిశ్రమకు మూలబలమై యున్నది. అచ్చట దీనిని కళాశాలలలో బోధింతురు. దీనియందు పరీక్షలు గలవు. నిపుణులైనవారికి సంఘమున గౌరవము గలదు. ద్రాక్షపండ్లను పులియబెట్టి చేయు ద్రాక్షాసవముల పరిశ్రమయే యది. వాడుకలో వైన్ అని చెప్పునది యిదియే.

మద్యమును గూర్చిన వ్యాసము స్త్రీల పత్రికలో నేల యని కొందఱు సోదరీమణులు శంకింపవచ్చును. ఆ శంక న్యాయమైనదే. సారాయివలన తెలుగు స్త్రీలు పడిన పాట్లు చెప్పనలవి కావు. నెల్లూరు జిల్లాలోని దూబగుంట గ్రామమున స్త్రీలు సారాయిపై చేసిన పోరాటము 1992లో రాష్ట్రమంతట వ్యాపించి, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకు దారితీసినది. 1997లో నా నిషేధము సడలింపబడినది. ఆ చరిత్రను మఱచి యీ మాటలు వ్రాయుటలేదు. త్రాగుమని చెప్పుటకును వ్రాయుటలేదు. రుచి చూచుట వేఱు, త్రాగుట వేఱు. ఆస్ట్రేలియాలో ద్రాక్షాసవములను పరీక్షించు నిపుణులు వానిని మ్రింగరు. నోట నుంచుకొని, నాలుకపై త్రిప్పి, ప్రక్కనున్న తమ్మపడిగలో నుమిసివేయుదురు. పోటీపరీక్షలలో నొక్కదినముననే అనేక పదుల మచ్చులను జూడవలసిన న్యాయనిర్ణేత వానిని మ్రింగినచో మధ్యాహ్నమునకే తీర్పు తప్పును. మత్తు అచ్చట విద్యకు శత్రువు.

ఈ విషయము మనకు దూరపుదియును గాదు. 2021 జనాభా లెక్కల ప్రకారము ఆస్ట్రేలియాలో ఇంట తెలుగు మాటలాడువారు సుమారు 59 వేలమంది. మన కుటుంబముల బిడ్డలు మెల్బోర్నులోను, సిడ్నీలోను కాపురము లున్నారు. భారత ఆస్ట్రేలియా దేశములమధ్య 2022లో కుదిరిన వాణిజ్యపు టొడంబడిక ఆ సంవత్సరము డిసెంబరు 29వ తేదీనుండి అమలునకు వచ్చినది. దానివలన, సీసా ఒక్కింటికి 5 అమెరికా డాలర్లకు దక్కువ గాని ద్రాక్షాసవములపై 150 పాళ్లున్న దిగుమతి సుంకము 100 పాళ్లకు, 15 డాలర్లకు దక్కువ గానివానిపై 75 పాళ్లకు తగ్గింపబడి, యేటేట నింకను దిగునట్లు నిర్ణయింపబడినది. కావున ఈ సీసాలు మన పట్టణములలో గూడ కనబడుచుండును. కనబడు వస్తువును గూర్చి యెఱిగియుండుట మేలు. అంతకంటె ముఖ్యమైన కారణ మింకొకటి కలదు. ఆ పరిశ్రమ చరిత్రలో నొక గృహిణి ముక్కును, నాలుకయు చేసిన పని మన స్త్రీలు తెలిసికొనదగినది.

ఆస్ట్రేలియాలో ద్రాక్ష స్వదేశపు పంట గాదు. 1788లో ఇంగ్లండునుండి వచ్చిన మొదటి నౌకలలో, త్రోవలో రియో డి జనీరోనుండియు, దక్షిణాఫ్రికా కొననున్న కేపునుండియు తెచ్చిన ద్రాక్షతీగలు సిడ్నీ తీరమున దిగినవి. తరువాత జేమ్స్ బస్బీ యను నతడు 1831లో స్పెయిన్, ఫ్రాన్సు దేశములు తిరిగి, వందలకొలది రకముల ద్రాక్షకొమ్మలను సేకరించి తెచ్చెను. 1840 ప్రాంతములనుండి దక్షిణ ఆస్ట్రేలియాలో నడిలైడు నగరమునకు చేరువ కొండచరియలలో తోటలు వెలసినవి. స్వదేశమున మతవిషయమైన నిర్బంధములకు తాళలేక వలసవచ్చిన జర్మను రైతుకుటుంబములు బరోసా లోయలో 1842నుండి స్థిరపడి ద్రాక్ష నాటిరి.

ఆ కాలముననే, 1844లో, క్రిస్టఫర్ రాసన్ పెన్‌ఫోల్డ్ అను వైద్యుడును, ఆయన భార్య మేరీయు, తమ చిన్నకూతురితో ఇంగ్లండునుండి అడిలైడునకు వచ్చిరి. నగరమునకు దూర్పున మెగిల్ అను చోట 500 ఎకరముల భూమిని గొని, చిన్న రాతియిల్లు గట్టుకొని, దానికి మేరీ పుట్టినింటి జ్ఞాపకముగా గ్రేంజ్ అని పేరిడిరి. వైద్యుడు రక్తహీనతగల రోగులకు బలమునకై కొంచెము ద్రాక్షాసవము నిచ్చుచుండెను. తోట యేర్పడుట కదియే మొదటి కారణము. కాని వైద్యునకు రోగులను జూచుటతోనే దినము చాలెడిది కాదు. పొలమునకు దున్నకమెప్పుడు, కూలివారెందఱు, కోత యెప్పుడు, పీపాల నెప్పుడు నింపవలయును అను సంగతు లన్నియు మేరీ పాలబడినవి. ఆమె దినచర్యపుస్తకము వ్రాసికొనుచు, పనికత్తె ఎలెన్ టింబ్రెల్ సాయముతో ఆ పని సాగించెను.

1870లో వైద్యుడు మరణించెను. భర్త పోయినపిమ్మట ఆ స్త్రీ తోట నమ్మివేసి కూతురియింట చేరునని తలచినవా రుండవచ్చును. ఆమె యట్లు చేయలేదు. తాను నడుపుచున్న పనినే తనపేర నడిపించెను. అల్లుడు థామస్ హైలండుతో భాగస్వామ్యము పెట్టుకొనెను. 1874లో అడిలైడు వార్తాపత్రిక విలేఖరి యొకడు మెగిల్ వచ్చి తాను జూచినదానిని వ్రాసెను. మేరీ ఎఱుపు తెలుపులలో, తీపివి, తీపి లేనివిగా నాలుగు విధముల ద్రాక్షాసవములను జేయించుచుండెననియు, అవి రెండు మూడేండ్లు పీపాలలో నున్నపిమ్మట వానిని తగినపాళ్ల కలుపుటను స్వయముగా జూచుచుండెననియు, ఆ కలుపుట ఏ వ్రాతసూత్రమునకును లోబడక కేవల మామె రుచిజ్ఞానమును, తీర్పునే యాశ్రయించి యుండెననియు దాని సారాంశము. 1884లో నామె విశ్రాంతి గొనునాటికి దక్షిణ ఆస్ట్రేలియాలోని ద్రాక్షాసవమున మూడవవంతు ఆ యింటిదే యని చెప్పుదురు. 1895లో మేరీ కాలధర్మము నొందెను.

ఈ కలుపుట యనునది యెంత కఠినమైనదో మన గృహిణులకు వేఱుగా జెప్పనక్కఱలేదు. ఒక సంవత్సరపు మిరపకారము ఘాటు, మఱుసటేడు చప్పన. ఆవపిండి యొకప్పుడు చేదు, మఱియొకప్పుడు కమ్మన. అయినను ప్రతియేడు ఆవకాయ ఒకే రుచిగా నుండవలెనని ఇంటివా రెదురుచూతురు. కొలతలు వ్రాసిన కాగితము అంతవఱకే పనికివచ్చును. ఆపైన చేయియు, నాలుకయు నిర్ణయింపవలసినదే. ద్రాక్షయు నట్టిదే. ఒక యేడు ఎండ హెచ్చు, పండు తీపి. మఱియొక యేడు వాన హెచ్చు, పండు పులుపు. ఈ భేదములను సరిచేసి, కొనువారికి నమ్మకము కలిగించునట్లు సమరుచి సాధించుటయే మేరీ చేసిన పని. దానికామె చదివిన కళాశాల యేదియు లేదు.

ఇక రుచి చూచు క్రమ మెట్టిదో తెలిసికొందము. దానికి వాడు గాజుపాత్ర అడుగున నుబ్బుగాను, పైన మూతి యిరుకుగాను, పిడి సన్నముగాను ఉండును. అంతర్జాతీయ ప్రమాణసంస్థ నిర్ణయించిన పాత్రలో సుమారు 215 మిల్లీలీటర్లు పట్టును. దానిలో 50 మిల్లీలీటర్లు మాత్రమే పోయుదురు. మిగిలిన చోటు వాసనకొఱకు. మూతి యిరుకగుటచే వాసన బయటికి జారిపోక లోపల నిలుచును. పాత్రను పిడివద్దనే పట్టుకొనవలెను. అరచేతివేడి తగిలినచో రుచి మాఱును.

మొదట కన్ను. తెల్లని గుడ్డకెదురుగా పాత్రను వంచి రంగు చూతురు. ఎఱ్ఱనిది లేతదైనచో ఊదారంగు పొడయు, ముదిరినకొలది ఇటుకరంగును గానవచ్చును. తెల్లని ద్రాక్షాసవము ఏండ్లు గడచినకొలది బంగారువన్నె దాల్చును. రెండవది ముక్కు. పాత్రను త్రిప్పక యొకసారి, మెల్లగా త్రిప్పి మఱియొకసారి వాసన చూడవలెను. త్రిప్పినప్పుడు గాలి సోకి దాగియున్న వాసనలు పైకి వచ్చును. మూడవది నోరు. ఒక గుక్కెడు తీసికొని, కొంచెము గాలిని గూడ లోనికి పీల్చి, నాలుక యన్నివైపులకు తగులనిత్తురు. అప్పుడు తీపి యెంత, పులుపు యెంత, వగరెంత, చేదు కలదా యని వేఱువేఱుగా విచారింతురు. వగరు ద్రాక్షతొక్కనుండియు, గింజలనుండియు, కఱ్ఱపీపానుండియు వచ్చును. హెచ్చుసేపు మరగిన తేనీటిలోను, పచ్చి కరక్కాయలోను, చిగుళ్లను బిగించునట్టి రుచి యదియే. ఉమిసివేసిన పిమ్మట రుచి యెంతసేపు నిలిచినదో గమనింతురు. ఉసిరికాయ తిని నీళ్లు త్రాగినప్పుడు తీపి వెనుకనుండి వచ్చునుగదా, ఆ విధముగానే మంచి ద్రాక్షాసవమునకును వెనుకరుచి యుండును. నిలిచినకొలది మేలైనదని లెక్క.

ఈ తీర్పునకు లెక్కయు గలదు. ఆస్ట్రేలియా ప్రదర్శనలలో చాలకాలము 20 మార్కుల పద్ధతి నడచినది. అందులో కంటికి 3, ముక్కునకు 7, నోటికి 10. పదునెనిమిదిన్నర వచ్చిన దానికి బంగారుపతకము. ఇటీవల 100 మార్కుల పద్ధతి వ్యాపించినది. సీసాపైని పేరు న్యాయనిర్ణేతలకు గనబడనీయరు. పాత్రకు సంఖ్య మాత్రము వేయుదురు. పేరు చూచి రుచి చెప్పువాడు పేరునే రుచి చూచుచున్నాడని వారి యభిప్రాయము.

ఇక అచ్చటి వాసనలను గూర్చి కొంత చెప్పవలెను. ఇవి వినుటకు వింతగా నుండునేకాని మన యింటి వాసనలే. బరోసాలోను, విక్టోరియా రాష్ట్రపు చల్లని కొండప్రాంతములలోను పండు నల్లద్రాక్షకు షిరాజ్ అని పేరు. బరోసా షిరాజులో పండిన నేరేడును బోలు నిండుదనము హెచ్చు. చల్లనిచోట పండిన షిరాజులో మిరియాల వాసన కొట్టును. ఇది కవుల యూహ గాదు. అడిలైడులో 1955లో స్థాపితమైన ఆస్ట్రేలియా ద్రాక్షాసవ పరిశోధనాలయమువారు ఈ వాసనకు కారణమైన పదార్థమును గనిపెట్టి 2008లో వెల్లడించిరి. దానిపేరు రొటండోన్. మన పోపులపెట్టెలోని మిరియాలకు వాసన నిచ్చునదియు నిదియే. ఎఱ్ఱని ద్రాక్షాసవమున లీటరునకు 16 నానోగ్రాము లున్నను, అనగా గ్రామును నూఱుకోట్ల భాగములు చేసి అందు 16 భాగములు మాత్ర మున్నను, మనుష్యుని ముక్కు దానిని గుర్తించును. వింత యేమనగా, ఆ పరీక్షలో పాల్గొన్నవారిలో ఐదుగురి కొకరికి ఆ పదార్థ మెంత కలిపినను వాసన తెలియలేదు. కావున ఒకరికి తెలిసిన వాసన మఱియొకరికి తెలియకపోయినచో నవ్వరాదు. అది పుట్టుకతోడి భేదము.

దక్షిణ ఆస్ట్రేలియాలోనే కూనవారా యను ప్రాంతము గలదు. అచ్చట పైన ఎఱ్ఱమన్ను, క్రింద సున్నపురాయి. అందు కాబెర్నే సోవిన్యోన్ అను నల్లద్రాక్ష పండును. ఆ ద్రాక్షాసవమున పుదీనా వాసనయు, ఒక్కొక్కప్పుడు నీలగిరి తైలపు వాసనయు గానవచ్చును. నీలగిరిచెట్టు జన్మభూమి ఆస్ట్రేలియాయే. తోటకు దాపున నా చెట్ల వరుస యున్నచో, వాని తైలము గాలివెంట వచ్చి ద్రాక్షతొక్కలపై నిలుచుననియు, కోతలో ఆకులు పండ్లతో గలసినచో వాసన మిక్కిలి యగుననియు పరిశోధనలు తేల్చినవి. ఆ వాసన నిచ్చు సినియోల్ అను పదార్థము మన యేలకులలోను గలదు.

క్లేర్ లోయయు, ఈడెన్ లోయయు తెల్లని రీస్లింగ్ ద్రాక్షకు పేరొందినవి. దాని ద్రాక్షాసవము లేతనాట నిమ్మకాయ పిండినట్లు శుభ్రముగా నుండును. కొన్నియేండ్లు సీసాలో నున్నపిమ్మట నందు కిరసనాయిలును బోలిన వాసన పుట్టును. ఎఱుగనివారు చెడిపోయిన దందురు. ఎఱిగినవారు కొంచెమున్నచో సహజమే యందురు. సిడ్నీకి ఉత్తరమున హంటర్ లోయలో సెమియోన్ అను తెల్లద్రాక్షను ముందుగా గోసి, కఱ్ఱపీపా తగులనీయక చేయుదురు. అది మొదట నీళ్లవలె పలుచగా, పుల్లగా నుండును. పదియేండ్లు గడచినచో కాల్చిన రొట్టె, తేనె వాసనలు వచ్చును. పీపాయే యెఱుగని దానికి కాలమే ఆ వాసన నిచ్చును. విక్టోరియాలోని రూథర్‌గ్లెన్ అనుచోట మస్కట్ ద్రాక్షను తీగమీదనే ముడుతలు పడనిచ్చి, తీపి మిక్కిలిగా నుండునట్లు చేయుదురు. దానియందు ఎండుద్రాక్ష, పాకము పట్టిన బెల్లము గుర్తునకు వచ్చును. అది పీపాలలో దశాబ్దములు నిలువయుండును.

మంచివాసనలను నేర్చినంతమాత్రమున చాలదు, చెడ్డవాసనలనుగూడ నెఱుగవలెను. బెరడుబిరడా వేసిన సీసాలలో నొక్కొక్కటి తడిసిన అట్టవలె, మూసియుంచిన గదివలె వాసన గొట్టును. అది బెరడులో పుట్టిన యొక పదార్థపు దోషము. ఈ నష్టమును సహింపలేక క్లేర్ లోయలోని రీస్లింగ్ ఉత్పత్తిదారులు పదిమందికిపైగా ఏకమై, 2000 సంవత్సరపు కోతనుండి లోహపు మరమూతలను వాడసాగిరి. మరమూత చవుకసరకునకు గుర్తని నాడు చాలమంది తలచిరి. నేడు ఆస్ట్రేలియాలో నుత్తమమైన సీసాలకును మరమూత సామాన్యము. కోసియుంచిన ఆపిలు పండువలె కమిలిన వాసన వచ్చినచో గాలి సోకినదని, పుల్లని ఘాటు ముక్కునకు గొట్టినచో పులిసి సిర్కా యగుచున్నదని గ్రహింపవలెను.

ఆస్ట్రేలియా తోటలలో మఱియొక విశేషము, ముదుసలి తీగలు. 1860 తరువాత ఫిలోక్సెరా అను వేరుపురుగు ఐరోపా ద్రాక్షతోటలను నాశనము చేసినది. 1877లో నది విక్టోరియాలోని జీలాంగు చేరువ గూడ కానవచ్చెను. దక్షిణ ఆస్ట్రేలియావారు కఠినశాసనములచే దానిని తమ సరిహద్దు దాటనీయలేదు. అందుచే బరోసాలో 1843లో నాటిన షిరాజ్ తీగలు నేటికిని కాయుచున్నవి. 2009లో నచ్చటివారు ముదుసలి తీగలకు వయోభేదముల నేర్పఱచిరి. 35 ఏండ్లు దాటినవి ముదివి. 70 దాటినవి బ్రదికి నిలిచినవి. 100 దాటినవి శతాయువులు. 125 దాటినవి పితామహులు. ముసలితీగ కొంచెముగా గాయును. కాచినది చిక్కగా నుండును.

రుచిపరీక్ష యెంత శాస్త్రీయమైనను, తీర్పు తొందరపడినచో తప్పు జరుగునని చెప్పుటకొక కథ చాలును. మేరీ స్థాపించిన సంస్థలోనే మాక్స్ షూబర్టు అను నిపుణుడు 1951లో ఒక క్రొత్త ఎఱ్ఱని ద్రాక్షాసవమును జేయసాగెను. అది యేండ్ల తరబడి నిలిచి ముదిరినపిమ్మటగాని రుచి చూపనిది. మేరీ యింటిపేరైన గ్రేంజ్ అనునదియే దాని పేరు. 1956లో సిడ్నీలో పెద్దలు దానిని లేతనాటనే రుచిచూచి, వగరు హెచ్చని యేవగించుకొనిరి. 1957లో దానిని మానివేయుమని యాజ్ఞ వచ్చెను. షూబర్టు 1957, 1958, 1959 సంవత్సరముల కోతలను రహస్యముగా జేసి భూగృహములో దాచెను. ఈలోపున మొదటి కోతలు ముదిరి రుచికి వచ్చెను. 1960లో యజమానులే మరల జేయుమనిరి. 1962లో 1955 కోతకు సిడ్నీ ప్రదర్శనలో బంగారుపతకము వచ్చినది. నేడది యా దేశమునకంతకును కీర్తిచిహ్నము. ఊరగాయ పెట్టిన మఱునాడే రుచిచూచి పాఱవేయువానిని మన మేమందుము?

ఇంత జరిగినను, ఈ విద్యను శాస్త్రముగా నేర్చుకొనుటకు స్త్రీలకు తలుపులు చాలకాలము మూసియుండెను. 1883లో స్థాపితమైన రోజ్‌వర్తీ వ్యవసాయకళాశాల ఆస్ట్రేలియాలో ద్రాక్షాసవవిద్యకు బెద్దపేరుగల చోటు. ఒక యింటి గృహిణి తన నాలుకచే ఆ రాష్ట్రమున నంతటి వ్యాపారమును నిలిపిన తరువాతగూడ, ఆ కళాశాల పురుషులకే పరిమితమై యుండెను. 1970 దశకపు తొలియేండ్లలో పామ్ డన్స్‌ఫర్డ్ అను యువతి ద్రాక్షాసవవిద్యకై యందు ప్రవేశించి యా కట్టుబాటును ద్రెంచెను. మేరీ మరణించి అప్పటికి ముప్పాతిక శతాబ్దము గడచినది. డన్స్‌ఫర్డ్ తరువాత చేపెల్ హిల్ అను సంస్థలో ముఖ్యనిపుణురాలై పేరొందెను.

ఆమె వెనుక చాలమంది వచ్చిరి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని మార్గరెట్ రివర్ ప్రాంతమున కెవిన్, డయానా కలెన్ దంపతులు 1971లో తోట వేసిరి. డయానా స్వయముగా ద్రాక్షాసవమును జేసెను. కుమార్తె వాన్యా 1989లో ఆ బాధ్యతను గైకొని, దేశమున మేటి నిపుణులలో నొకతెయై నిలిచినది. ఈడెన్ లోయలో, 1860 ప్రాంతమున నాటిన తీగలు గల హెన్ష్కీ కుటుంబపు తోటను వృక్షశాస్త్రము చదివిన కోడలు ప్రూ హెన్ష్కీ సంరక్షించుచున్నది. కూనవారాలో విన్స్ సంస్థకు 1998లో స్యూ హాడర్ ముఖ్యనిపుణురాలైనది. స్త్రీల ముక్కు పురుషుల ముక్కుకంటె చుఱుకైనదని కొందఱందురు. వాసనలను గుర్తించుటయందు స్త్రీలకు సగటున స్వల్పమైన యాధిక్యము కలదని పరిశోధనలు చెప్పుచున్నవి. కాని యది మిక్కిలి చిన్న భేదము. అభ్యాసమే ప్రధానము. ఈ స్త్రీలకు కావలసియుండినది విశేషమైన ముక్కు గాదు, లోనికి రానిచ్చు తలుపు.

ఇచ్చట ఆరోగ్యవిషయమును దాచుట ధర్మము గాదు. మద్యము ఏ మాత్రమైనను ఆరోగ్యమునకు పూర్తిగా క్షేమమని చెప్పదగిన పరిమితి లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో ప్రకటించినది. రొమ్ముపుండు మొదలగు వ్యాధులకు నది కారణములలో నొకటి. త్రాగు పెద్దవారును వారమునకు 10 ప్రమాణపు పానములను, ఏ యొక్కదినమునను 4 పానములను మించరాదని ఆస్ట్రేలియా ప్రభుత్వవైద్యుల 2020 నాటి సూచన. ఒక ప్రమాణపానమన 10 గ్రాముల మద్యసారము. సాధారణమైన ద్రాక్షాసవమున నది సుమారు 100 మిల్లీలీటర్లలో నుండును. గర్భిణులు ముట్టనే కూడదు. 2023 జూలై చివరినుండి ఆస్ట్రేలియాలో సీసాలపై ఈ హెచ్చరిక ముద్రింపవలెనని నిర్బంధ మేర్పడినది. అమ్ముకొను దేశమే యిట్లు వ్రాయుచుండగా మన మింకను జాగరూకులమై యుండవలెను. విదేశమున విందులో నెవరైన పాత్ర చేతికిచ్చినప్పుడు, వలదని చెప్పుట యమర్యాద కాదు. వాసన చూచి, రంగు మెచ్చుకొని, ప్రక్కన బెట్టుటయు నచ్చట తప్పు గాదు.

ఈ విద్యను ద్రాక్షాసవము లేకుండగనే యభ్యసింపవచ్చును. అచ్చటి శిక్షణలోను మొదట వాసనలనే వేఱువేఱుగా నేర్పుదురు. మూతగల చిన్నగిన్నెలు ఆఱు తీసికొని, యేలకులు, మిరియాలు, లవంగములు, నిమ్మతొక్క, ఎండుద్రాక్ష, వేయించిన ధనియాలు ఒక్కొక్కదానిలో నుంచి, పేరులు కనబడకుండ జేసి, పిల్లలను, తోడికోడండ్రను పిలిచి వాసనచే పేరు చెప్పుడని యడుగుడు. నిత్యము వాడు వస్తువైనను, కన్ను మూసినప్పుడు పేరు తోచకుండుట చూచి యాశ్చర్యపడుదురు. తరువాత మూడు రకముల తేయాకుతో డికాషను కాచి, ఏది వగరు, ఏది పులుపు, ఏది నిలుచునది యని వ్రాసికొనుడు. మామిడిపండ్ల కాలమున బంగినపల్లిని, రసమును, సువర్ణరేఖను పేరు తెలియకుండ ముక్కలు కోసి పోల్చుడు. పుస్తకములో తేదీ వేసి యెవరి తీర్పు వారు వ్రాసినపిమ్మటనే మాటలాడుకొనుడు. ముందుగా మాటలాడినచో పెద్దవారి తీర్పే యందఱి తీర్పగును.

మేరీ కలిపిన పీపాలలోని దొక చుక్కయు నేడు మిగులలేదు. ఆమె తీర్పున కాధారమైన మాటలు గూడ చాలవఱకు వ్రాతలో లేవు. ఆమె నాలుకతోనే పోయినవి. మన యిండ్లలోను నిట్లే జరుగుచున్నది. అమ్మమ్మ కలిపిన పొడి పాళ్లు, అత్తగారు నేయి దించు సమయమును గుర్తించు విధము, వారితోనే పోవుచున్నవి. పిమ్మట చేయివాసి యని యొక్కమాట యని యూరకుందుము. చేయివాసి యన్నది చేతిలో లేదు. అది యేండ్ల పరిశీలన. దానికి పేరుపెట్టి, పుస్తకమున కెక్కించి, కూతురికిని, కోడలికిని, కుమారునికిని నేర్పినప్పుడే యది విద్య యగును. పెద్దవారు మన కందుబాటులో నుండగనే యా పని ప్రారంభింపుడని సోదరీమణులకు నా మనవి.